విద్యార్థుల లఘుచిత్రం షూటింగులో ప్రమాదాలను ముందే పసిగట్టి అదుపులో పెట్టడం: సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో లఘుచిత్రాలు తీసే పిల్లలు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, రక్షణ ప్రణాళిక రాసిస్తేనే కెమెరా ఇస్తామంటున్నారు. అందులో ఏమి రాయాలి?" చాలామంది చివరికి "అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాం" అని ఒక పేజీ రాసి సంతకం పెట్టేస్తారు. ఆ పేజీ ఎవరినీ కాపాడదు.

అద్దె కెమెరా గంటలు లెక్కపెడుతుంటుంది. వెలుతురు తగ్గిపోతుంటుంది. నటుడు మళ్లీ వారం దాకా దొరకడు. ఆ నిమిషంలో "ఇది వద్దు" అనడానికి ఎవరికీ నోరు రాదు. కాబట్టి ఏది తీయాలో, ఏది తీయకూడదో, ఎప్పుడు ఆపాలో ఇంటి దగ్గర కూర్చుని, తొందర లేనప్పుడే తేల్చుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ పని గురించే.

వివరణ కోసం ఒక కథ అనుకుందాం. రొయ్యల చెరువు కాపలాదారు కొడుకు గురించి పన్నెండు నిమిషాల చిత్రం. నాలుగు దృశ్యాలు: మైపాడు ఒడ్డున తండ్రీకొడుకుల గొడవ, రాత్రి చెరువు గట్టు మీద పరుగు, పెన్నా వంతెన మీద బైకు ప్రయాణం, ఇంట్లో దీపం పడి చీర కొంగు అంటుకోవడం. యూనిట్ పన్నెండు మంది.

1. స్క్రిప్టును ఎర్ర పెన్నుతో చదవండి

దర్శకుడు కథ కోసం చదువుతాడు. మీరు క్రియాపదాల కోసం చదవండి. దూకాడు, ఎక్కింది, తోసేశాడు, వెలిగించింది: ఇలాంటి ప్రతి మాట కిందా గీత గీయండి.

రెండోసారి స్థలం, వేళ చూడండి. "రాత్రి, గట్టు" అన్న రెండు మాటల్లో చీకటి, బురద, నీళ్లు, కరెంటు, పాములు, నిద్ర అన్నీ ఉన్నాయి.

మూడోసారి మనుషుల్ని చూడండి. ఈ భాగాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఒక్కొక్కరిని విడిగా పిలిచి అడగండి. అందరి ముందూ అడిగితే నిజం చెప్పరు.

- ఈత వచ్చా? (వస్తుందన్నా సముద్రంలో ఎప్పుడైనా ఈదారా?)
- ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, మధుమేహం ఉన్నాయా? మందులు వెంట తెచ్చుకుంటారా?
- ఎత్తు, చీకటి, నీళ్లంటే భయమా?
- ప్రమాదం జరిగితే ఇంట్లో ఎవరికి ఫోను చేయాలి?
- పద్దెనిమిదేళ్లు నిండాయా? నిండకపోతే తల్లిదండ్రుల్లో ఒకరు సెట్‌లో ఉండాలి. బాల నటుల చేత రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు.

2. లొకేషన్‌కు రెండుసార్లు వెళ్లండి

ఒకసారి పగలు, మరోసారి సరిగ్గా షూటింగు పెట్టుకున్న వేళకు. పగలు విశాలంగా కనిపించే రొయ్యల చెరువు గట్టు రాత్రి ఒంటికాలి బాటలా ఉంటుంది. ఏరియేటర్లకు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలకు) వెళ్లే కరెంటు తీగలు గట్టు మీదే, కొన్నిచోట్ల గడ్డిలో కనబడకుండా ఉంటాయి.

మన ప్రాంతంలో పైకి మామూలుగా కనిపించి మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. పెన్నాలో ఇసుక తవ్విన గుంతలు నీళ్లు నిండాక బయటికి తెలియవు. మోకాలి లోతు అనుకుని వేసిన తర్వాతి అడుగు నిలువు లోతులో పడుతుంది. చీమకుర్తి వైపు వదిలేసిన గ్రానైటు క్వారీల్లో నీలంగా నిలిచిన నీరు కెమెరాకు అందంగా ఉంటుంది. కానీ అంచు నిటారుగా తెగి ఉంటుంది, పడినవాళ్లు ఎక్కడానికి పట్టు దొరకదు. క్వారీ నీటిలో గానీ అంచు మీద గానీ దృశ్యం పెట్టవద్దు. దీని మీద నేను బేరం ఆడను.

వెళ్లినప్పుడు స్థానికులతో మాట్లాడండి. ఒడ్డున వల బాగుచేసుకునే మత్స్యకారుడు, చెరువు కాపలాదారు, ఊరి లైన్‌మన్: ఈ ముగ్గురూ అరగంటలో చెప్పే సంగతులు మీరు వారం తిరిగినా తెలియవు. "ఇక్కడ ఇంతకుముందు ఎవరికైనా ఏమైనా అయిందా?" అని సూటిగా అడగండి.

రాసుకురావలసినవి:

- తలపైన కరెంటు తీగలు ఎక్కడెక్కడ వెళ్తున్నాయి
- ఏ కంపెనీ సిమ్‌కు సిగ్నల్ ఉంది (నల్లమల అంచు ఊళ్లలో ఇది తప్పనిసరి)
- అంబులెన్సు ఎక్కడిదాకా రాగలదు, అక్కడి నుంచి సెట్‌కు ఎన్ని నిమిషాల నడక
- దగ్గరి ప్రభుత్వాసుపత్రి, రాత్రి వైద్యుడు ఉంటారా, పాముకాటు మందు ఉందా
- మరుగుదొడ్డి, నీడ, తాగునీరు

మరుగుదొడ్డిని చిన్న విషయం అనుకోకండి. అది లేని చోట అమ్మాయిలు నీళ్లు తాగడం మానేస్తారు. మే నెలలో వడదెబ్బకు అదే దారి.

3. పట్టిక రాయండి

ఒక్కో ప్రమాదానికి ఒక్కో వరుస. అందులో ఆరు గడులు: ఏమి జరగవచ్చు, ఎవరికి, తీవ్రత, అవకాశం, ఏమి చేస్తున్నాం, బాధ్యత ఎవరిది.

తీవ్రత 1 నుంచి 3 వరకు. 1 అంటే సెట్‌లోనే చికిత్స సరిపోయే దెబ్బ, 2 అంటే ఆసుపత్రి, 3 అంటే ప్రాణం పోవడం లేదా శాశ్వత వైకల్యం. అవకాశం కూడా 1 నుంచి 3. రెండూ గుణించండి. 4 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే దృశ్యం మార్చాలి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మొత్తం తగ్గాలని "అవకాశం" గడిలో 1 వేసేస్తారు. సముద్రంలో గొడవ: తీవ్రత 3, అవకాశం 1, మొత్తం 3, ఫరవాలేదు! అందుకే నా నియమం వేరు. తీవ్రత 3 వచ్చిన ఏ వరుసనూ గుణకారంతో దాటనివ్వకండి. ఆ దృశ్యాన్ని మార్చాలి, లేదా తీసే పద్ధతి మార్చాలి.

"ఏమి చేస్తున్నాం" గడిలో "జాగ్రత్తగా ఉంటాం" అన్న మాట నిషేధం. కంటికి కనిపించే పని రాయాలి. "గట్టు మీద పరుగు లేదు. పక్కనున్న ఖాళీ పొలంలో పరుగు, గట్టు మీద నిలబడిన క్లోజప్ మాత్రమే. ఏరియేటర్లు యజమాని సమక్షంలో ఆపిస్తాం. బాధ్యత: అసిస్టెంట్ డైరెక్టర్." ఇలా. బాధ్యత గడిలో "అందరూ" అని రాస్తే ఎవరూ లేనట్టే. ఒక్క పేరే ఉండాలి.

4. తగ్గించేటప్పుడు ఈ వరుస తప్పకండి

మొదట దృశ్యం నుంచి ప్రమాదాన్ని తీసేయగలమా చూడండి. కుదరకపోతే దాని బదులు ఇంకొకటి పెట్టండి. తర్వాత మనిషికీ ప్రమాదానికీ మధ్య అడ్డు పెట్టండి. ఆపైన నియమాలు. హెల్మెట్, చేతి తొడుగులు, లైఫ్ జాకెట్ చివరివి. విద్యార్థులు దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు: ముందు లైఫ్ జాకెట్ కొంటారు, దృశ్యం మాత్రం అలాగే ఉంచుతారు.

మన నాలుగు దృశ్యాలూ ఇలా మారతాయి. గొడవ నీళ్లలో జరగదు, తడి ఇసుకలో జరుగుతుంది, వెనక అలలు కనిపిస్తాయి. గట్టు పరుగు పొలంలోకి పోయింది. బైకు దృశ్యంలో బండిని నిలబెట్టి దగ్గరి ఫ్రేములు తీస్తాం: పక్క నుంచి ఒకరు లైటు జరుపుతారు, ఎదురుగా ఫ్యాను జుట్టును ఎగరేస్తుంది. వంతెనను విడిగా, మనిషి లేకుండా తీస్తాం. కొంగు అంటుకోవడం శబ్దంలో, గోడ మీది వెలుగులో, తల్లి ముఖంలో కనిపిస్తుంది. ఈ మార్పులతో చిత్రం పాడవుతుందని భయపడతారు. నేను చూసినంతలో దర్శకుడు అసలు ఆలోచించడం మొదలుపెట్టేది ఇక్కడే.

5. ఆపే మనిషిని నియమించండి

షూటింగును ఆపే అధికారం ఒకరికి ఇవ్వాలి. ఆ మనిషి దర్శకుడు కాకూడదు, ఛాయాగ్రాహకుడూ కాకూడదు. షాట్ మీద ఆశ ఉన్నవాళ్ల కళ్లు మానిటర్ మీద ఉంటాయి. ఆపే మనిషి మానిటర్ చూడడు, మనుషుల్ని చూస్తాడు.

ఇది నాకు మైపాడులోనే తెలిసింది. చాలా ఏళ్ల కిందట నేను సహాయ దర్శకుడిగా ఉన్న ఒక చిన్న చిత్రంలో నటుడు నడుము లోతు నీళ్లలో నిలబడి "కాపాడండి" అని చేతులూపాలి. ఊపాడు. బాగా చేస్తున్నాడనుకుని కెమెరా తిప్పుతూనే ఉన్నాం. కాళ్ల కింది ఇసుక జారి అతను నిజంగానే మునుగుతున్నాడని మాలో ఒక్కరికీ అర్థం కాలేదు. పక్కన వల లాగుతున్న ఒక పెద్దాయన వల వదిలేసి పరిగెత్తుకెళ్లి చొక్కా పట్టి లాగాడు. ఆ పెద్దాయన లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

అప్పటి నుంచి మా సెట్‌లో ఒక పద్ధతి ఉంది. "ఆపండి", "కాపాడండి", "కట్" పనికిరావు, అవి సంభాషణల్లో కలిసిపోతాయి. స్క్రిప్టులో ఎక్కడా లేని మాట ఒకటి ఎంచుకోండి. మేము "గుమ్మడికాయ" అంటాం. ఆ మాట ఎవరు అన్నా, టీ తెచ్చే కుర్రాడు అన్నా, అంతా అక్కడికక్కడే ఆగాలి. దూరంగా ఉన్నవాళ్లకు ఒక సైగ కూడా ఉండాలి: రెండు చేతులూ తల మీద. ఆపినందుకు ఎవరినీ కోప్పడకూడదని దర్శకుడు అందరి ముందూ చెప్పాలి.

6. సముద్రం, చెరువు, ఏరు

మైపాడు, కొత్తపట్నం, పాకల తీరాల్లో ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు వస్తుంటాయి. అలలు విరగకుండా నిశ్శబ్దంగా ఉన్న పట్టీ ఈతకు బాగుందనిపిస్తుంది. చాలాసార్లు ఆ పట్టీలోనే నీరు లోపలికి వెళ్తుంటుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పట్టీ దాటాక బయటికి రావాలి. అంత బలం లేకపోతే తేలుతూ చెయ్యెత్తాలి.

మా నియమాలు:

- సంభాషణ ఉంటే చీలమండ లోతు, లేకపోయినా మోకాలు దాటకూడదు.
- చీర, లంగా, లుంగీ తడిస్తే బరువై కాళ్లకు చుట్టుకుంటాయి. ఆ దుస్తులతో అసలు నీళ్లలోకి వద్దు.
- నీటి దృశ్యం తీసినంతసేపూ ఈత వచ్చిన స్థానిక మత్స్యకారులు ఇద్దరు ఒడ్డున ఉండాలి. వారికి రోజు కూలి ఇవ్వండి. బడ్జెట్లో అది మొదటి పద్దు కావాలి.
- తాడు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను చేతికందే చోట ఉంచండి.
- అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. తేదీ పెట్టేటప్పుడు పంచాంగం చూడండి.
- అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండం వార్త వస్తే తీరపు షూటింగు వాయిదా. చర్చ వద్దు.

ఇంకొక సంగతి. చాలామంది "సముద్రంలో సూర్యాస్తమయం" అని రాసుకొస్తారు. మనది తూర్పు తీరం, ఇక్కడ సముద్రంలోంచి సూర్యుడు ఉదయిస్తాడు. ఆ ఉదయాన్నే సాయంత్రంగా వాడుకోండి. చల్లగా ఉంటుంది, ఒడ్డున మత్స్యకారులు ఉంటారు, పని ముగిసేసరికి చీకటి కాకుండా వెలుతురు పెరుగుతుంది.

7. కరెంటు

లెక్కతో మొదలుపెట్టండి. మన సరఫరా 230 వోల్టులు. వెయ్యి వాట్ల లైటు సుమారు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంట్లో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. అంటే అలాంటి లైటు ఒకటే పడుతుంది, రెండోది పెడితే తీగ వేడెక్కుతుంది. హాలోజన్ బదులు 200 వాట్ల ఎల్ఈడీ తెచ్చుకుంటే ఒక ఆంపియరు కూడా కాదు, ముట్టుకుంటే చేయి కాలదు.

షామియానా వాళ్ల దగ్గర తీగలు, జనరేటరు అద్దెకు తెచ్చుకుంటే ప్రతి మీటరూ చేత్తో తడిమి చూడండి, ప్లగ్ పెట్టకముందే. టేపు చుట్టిన అతుకు ఉంటే వెనక్కి ఇచ్చేయండి. చుట్టకు చుట్టిన తీగను మొత్తం విప్పాకే వాడాలి, చుట్టగా ఉంటే లోపల వేడెక్కి కరుగుతుంది.

బోర్డులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అనుకోకండి. అది కాపాడేది తీగను. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే స్విచ్. జనరేటరుకూ లైట్లకూ మధ్య అది ఉండాలి, పరీక్ష మీట నొక్కి రోజూ చూడాలి. నీటి పక్కన షూటింగైతే అది లేకుండా ఒక్క లైటూ వెలగకూడదు. బ్యాటరీ లైట్లు దొరికితే ఇంకా మేలు.

జనరేటరును గదిలో, వరండాలో, కిటికీ కింద పెట్టకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి ఇంటి వైపు వీయని చోట పెట్టండి. డీజిలు, పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపి చల్లారనివ్వాలి.

లైటు స్టాండుకు ఇసుక సంచీ వేయాలి. తీరపు గాలికి గొడుగు లాంటి రిఫ్లెక్టరు తెరచాపలా లాగుతుంది, దానికి ఒక మనిషి కాపలా కావాలి.

8. రోడ్డు, రైలు పట్టాలు

జాతీయ రహదారి 16 మీద విద్యార్థుల షూటింగు వద్దు. ఊరి రోడ్డు మీదైనా పోలీసుల అనుమతితోనే. కెమెరా పట్టుకున్న మనిషి బైకు మీద వెనక్కి తిరిగి కూర్చోకూడదు, కారు డిక్కీలో కూర్చోకూడదు. బండి కదిలే దృశ్యం తప్పదనుకుంటే నటుడు హెల్మెట్ పెట్టుకోవాలి, ప్రైవేటు స్థలంలో తీయాలి, వేగం ఇరవై కిలోమీటర్లు దాటకూడదు. దగ్గరి ఫ్రేములో ఇరవై కూడా అరవైలా కనిపిస్తుంది.

రైలు పట్టాలు పూర్తిగా నిషేధం. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. శిక్ష కన్నా పెద్ద కారణం వేరే ఉంది. పట్టాల పైనున్న తీగలో 25,000 వోల్టులు ఉంటాయి, తాకకపోయినా దగ్గరికి వెళ్తే చాలు. మైకు పట్టే పొడవాటి కర్ర చాలావాటిలో కార్బన్ ఫైబరుది, కరెంటును పారనిస్తుంది. పొలాల మీదుగా వెళ్లే 11,000 వోల్టుల లైను కింద కూడా ఆ కర్ర పైకెత్తకండి.

9. నిప్పు, ఆయుధాలు, పోట్లాటలు

నిజమైన కత్తి సెట్‌కు రాకూడదు. బొమ్మ తుపాకీ ఉంటే స్టేషన్‌లో ముందే చెప్పండి, షాట్ లేనప్పుడు సంచిలో ఉంచండి. దారిన పోయేవాళ్లకు అది బొమ్మ అని తెలియదు. కిడ్నాపు దృశ్యమైతే చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి చెప్పి రండి. ఉరి దృశ్యంలో ఎవరి మెడకూ ఏదీ కట్టకూడదు, సరదాకి చూపించడానికి కూడా.

గడ్డివాముల దగ్గర, తాటాకు పాకల్లో నిప్పు వద్దు. దీపం కావాలంటే బ్యాటరీ దీపం. నిప్పు తప్పనిసరైతే నూలు దుస్తులు, తడి దుప్పటి, రెండు బకెట్ల ఇసుక, మంటలార్పే సిలిండరు, దాన్ని వాడటం వచ్చిన ఒక మనిషి.

10. ఎండ, పిడుగు, నిద్ర

ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు నుంచి నాలుగు వరకు బయట షూటింగు పెట్టవద్దు. మజ్జిగ, ఓఆర్ఎస్, నీళ్లు గంటకొకసారి చేతికి అందించాలి. అడిగితే ఇద్దామనుకుంటే ఎవరూ అడగరు.

మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. ముప్పై సెకన్ల లోపు వస్తే పని ఆపి పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. తాటిచెట్టు కింద, షామియానా కింద నిలబడకూడదు. పిడుగుల సమాచారానికి దామిని యాప్ ఫోనులో పెట్టుకోండి.

నిద్ర గురించి గట్టిగా చెబుతున్నాను. రోజుకు పన్నెండు గంటలు దాటి పని వద్దు, రెండు రోజుల మధ్య పది గంటల విరామం కావాలి. రాత్రంతా పనిచేసిన మనిషి తెల్లవారుజామున బండి నడపకూడదు. డ్రైవరును విడిగా మాట్లాడుకోండి, లేదంటే అక్కడే పడుకుని లేచాక బయలుదేరండి.

11. అనుమతులు

స్థల యజమాని రాతపూర్వక ఒప్పుకోలు, పంచాయతీకి సమాచారం, పోలీసు స్టేషన్‌లో తేదీ, వేళ, మనుషుల సంఖ్యతో వినతిపత్రం, అడవైతే అటవీ శాఖ అనుమతి. కృష్ణపట్నం పోర్టు పరిసరాల్లో అనుమతి లేకుండా కెమెరా తీయకండి. డ్రోను ఉంటే ప్రభుత్వ మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి. ఎరుపు ప్రాంతమైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, ఆకుపచ్చ ప్రాంతంలోనూ 400 అడుగులు దాటకూడదు.

12. ఉదయం పది నిమిషాలు

కెమెరా బయటికి తీయకముందే అందరినీ నిలబెట్టి చెప్పవలసినవి:

- ఈరోజు ప్రమాదమున్న దృశ్యాలు ఏవి
- ఆపే మనిషి ఎవరు, మాట ఏమిటి, సైగ ఏమిటి
- ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుంది
- ఏ బండి అత్యవసరానికి, తాళం ఎవరి దగ్గర (ఆ బండి టీకి కూడా కదలకూడదు)
- నంబర్లు: అత్యవసరం 112, అంబులెన్సు 108, అగ్నిమాపక 101, విద్యుత్తు 1912, తీర పోలీసులు 1093
- ఈ స్థలాన్ని ఫోనులో ఎలా వర్ణించాలి: ఊరు, మండలం, దగ్గరి గుర్తు

ఆలస్యంగా వచ్చినవాళ్లకు మళ్లీ చెప్పాలి. దెబ్బ తగిలేది తరచుగా వాళ్లకే.

13. ప్రమాదం జరిగితే

మునిగినవాళ్లు: దూకకండి, క్యానో తాడో విసరండి. బయటికి తెచ్చాక పొట్ట నొక్కవద్దు, తలకిందులుగా తిప్పవద్దు. శ్వాస లేకపోతే నోటితో ఊపిరి అందిస్తూ ఛాతీ నొక్కాలి. యూనిట్‌లో ఇద్దరైనా ఇది ముందే నేర్చుకుని ఉండాలి.

కరెంటు షాక్: మెయిన్ ఆపేదాకా మనిషిని ముట్టుకోకండి.

కాలిన గాయం: ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి.

పాముకాటు: కోయవద్దు, పీల్చవద్దు, బిగించి కట్టవద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, కాలో చేయో కదలకుండా ఉంచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

వడదెబ్బ: మాట తడబడుతుంటే ఆలస్యం చేయకండి. నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

14. ప్యాకప్

అలసిన చేతులతో సామాను సర్దేటప్పుడు వేళ్లు నలుగుతాయి, వేడి లైటు పట్టుకుంటారు. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి టీ ఇచ్చాకే సర్దుడు మొదలుపెట్టండి.

- ముందు జనరేటరు ఆపండి, తర్వాత తీగలు
- లైట్లు చల్లారాక పెట్టెలో
- ఒడ్డున, గట్టున మేకులు, గాజు, ప్లాస్టిక్ ఏరివేత
- త్రుటిలో తప్పిన ప్రతిదీ ఆ రాత్రే పట్టిక చివర రాయడం, తర్వాతి బ్యాచికి ఆ కాగితం ఇవ్వడం
- బండి ఎక్కేముందు పేరుపేరునా మనుషుల లెక్క
- ఇంటికి చేరిన ప్రతి ఒక్కరి నుంచి ఒక సందేశం. పన్నెండో సందేశం వచ్చేదాకా ఆపే మనిషి పడుకోకూడదు